చెంచా కొలమానం కాదు

"జ్వరం మందు పూటకు ఒక చెంచా చొప్పున మూడు పూటలా పట్టండి."

పిల్లలున్న ప్రతి తెలుగింటా ఈ వాక్యం ఎప్పుడో ఒకప్పుడు వినబడే ఉంటుంది. వైద్యులు చెబుతారు, మందుల దుకాణంలో చెబుతారు, పక్కింటి పెద్దమ్మా చెబుతుంది. విన్నవారికి అది సంపూర్ణమైన సూచనగానే తోస్తుంది. కాని ఆ వాక్యంలో ఏ మందో లేదు. ఆ మందు ఎంత గాఢతలో ఉన్నదో లేదు. చెంచా ఎంతదో లేదు. అన్నిటికంటె ముఖ్యంగా, బిడ్డ బరువెంతో లేదు. ఈ నాలుగూ తెలియనిదే తేలని లెక్కకు, ఒక్కటీ అడగకుండానే జవాబు చెప్పేస్తుంది ఆ వాక్యం.

పిల్లల మందులకు చెంచా కొలతను పూర్తిగా మానివేయాలని, బరువు చూడనిదే పిల్లలకు ద్రవౌషధం రాయకూడదని, గాఢత చూడనిదే అమ్మకూడదని నా వాదన. ఇంత గట్టిగా చెప్పే అర్హత నీకెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. ఆ వాక్యాన్ని ఏళ్ల తరబడి రాసిన చేయి నాది. అదే నా అర్హత.

ఒక్కరోజులో ఖాళీ అయిన సీసా

చాలా ఏళ్ల క్రితం పది నెలల మగబిడ్డను జ్వరమని నా దగ్గరకు తీసుకొచ్చారు. బరువు 7 కిలోలు. పరీక్షించి, సామాన్యమైన వైరస్ జ్వరమని నిర్ధారించుకొని, చీటీ మీద పారాసిటమాల్ అని రాసి, పక్కన "1 చెంచా, రోజుకు 3 సార్లు" అని రాశాను. నా మనసులో ఉన్నది 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాముల మందు ఉండే సిరప్. ఆ చెంచాడు సైతం ఆ బిడ్డకు కొంత ఎక్కువే. అయినా చేతి అలవాటు కొద్దీ రాసేశాను. మనసులో ఉన్న గాఢత చీటీ మీదకు రాలేదు.

మరునాటి ఉదయం ఆ తల్లి మళ్లీ వచ్చింది. "మందు అయిపోయిందండీ, ఇంకో సీసా రాయండి" అని అడిగింది. ఒక్కరోజులో సిరప్ సీసా ఎలా అయిపోయిందమ్మా అంటే, సంచిలోంచి తీసి చూపింది. అది 15 మిల్లీలీటర్ల డ్రాప్స్ సీసా. అందులో ఒక్కొక్క మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. దుకాణంలో ఆ పూట సిరప్ లేదట. "చంటిబిడ్డకు ఇదే మంచిది" అని డ్రాప్స్ ఇచ్చారట. పెట్టెలో వచ్చిన డ్రాపర్‌ను ఆమె పక్కన పెట్టేసింది, చీటీలో చెంచా అని ఉన్నది కనుక. మూడు పూటలు, మూడు చెంచాలు, 15 మిల్లీలీటర్లు, 1500 మిల్లీగ్రాములు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆ బిడ్డకు ఒక్కో విడతకు పట్టవలసినది 105 మిల్లీగ్రాములు. పట్టినది 500.

"మీరు రాసినట్టే పట్టానండీ" అన్నది ఆమె. అక్షరాలా నిజం. ఆమె చేసిన తప్పు ఏదీ లేదు.

బిడ్డను వెంటనే పెద్దాసుపత్రికి పంపాము. అక్కడ ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఇచ్చారు. కాలేయపు ఎంజైములు కొన్నాళ్లు పెరిగి, తరువాత మెల్లగా దిగివచ్చాయి. బిడ్డ దక్కాడు. నా జాగ్రత్త వలన దక్కలేదు. సీసా చిన్నది కావడం వలన, అది త్వరగా ఖాళీ కావడం వలన దక్కాడు. అదే పెద్ద సీసా అయి ఉంటే ఆ తల్లి మరో రెండు రోజులు నా మాటను శ్రద్ధగా పాటించి ఉండేది. ఆ ఆలోచన నన్ను నేటికీ వదలలేదు.

పేరు ఒకటే, బలాలు వేరు

మన దుకాణాలలో పిల్లల పారాసిటమాల్ ద్రవం ప్రధానంగా మూడు గాఢతలలో దొరుకుతుంది. మొదటిది 5 మిల్లీలీటర్లకు 120 లేక 125 మిల్లీగ్రాములు ఉన్న సిరప్. రెండవది 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉన్న సిరప్. మూడవది మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్న డ్రాప్స్. మిల్లీలీటరు లెక్కన చూస్తే, మొదటి దానిలో సుమారు 25, రెండవ దానిలో 50, మూడవ దానిలో 100 మిల్లీగ్రాములు. ఒక దానికంటె ఒకటి రెట్టింపు. చిత్రమేమంటే, చూడటానికి చిన్నగా ఉండి చంటిబిడ్డల కోసమని చెప్పే సీసాలోని మందే అన్నిటికంటె గాఢమైనది. చంటిబిడ్డ ఎక్కువ ద్రవం మింగలేదు కనుక తక్కువ పరిమాణంలో ఎక్కువ మందు ఉండేటట్లు దానిని తయారుచేస్తారు. ఈ సంగతి తెలియని వారు చిన్న సీసాలో ఉన్నది తేలిక మందే అయి ఉంటుందని భావించడం సహజం.

10 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 150 మిల్లీగ్రాములు కావాలి. మొదటి సిరప్ అయితే అది 6 మిల్లీలీటర్లు, రెండవది అయితే 3, డ్రాప్స్ అయితే 1.5. "పోయినసారి ఇంత పట్టాము, ఈసారీ అంతే పడదాము" అనే తల్లి, ఈసారి సీసా మారిందని గమనించకపోతే రెట్టింపో, నాలుగింతలో పడుతుంది. లేదా సగమో, పావో పట్టి, జ్వరం తగ్గలేదని మరొక మందు కోసం పరుగెడుతుంది.

ఈ చిక్కు పారాసిటమాల్‌కే పరిమితం కాదు. అజిత్రోమైసిన్ 5 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములుగానూ, 200 మిల్లీగ్రాములుగానూ దొరుకుతుంది. పేరు చివర ఉండే "డి.ఎస్.", "ఫోర్ట్", "250" వంటి తోకలు అలంకారాలు కావు. లోపలి బలం మారిందని చెప్పే గుర్తులవి. ఇక జలుబు మందుల సంగతి వేరు. వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి ఒక సీసా, జలుబుకు మరొక సీసా అనుకొని తల్లి ఒకే మందును రెండు పేర్లతో పడుతుంటుంది.

అమెరికాలో పిల్లల పారాసిటమాల్‌కు ఇటువంటి గందరగోళమే ఉండేది. 2011లో అక్కడి తయారీదారులు చంటిపిల్లల ద్రవాన్ని, పెద్దపిల్లల ద్రవాన్ని కలిపి 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములనే ఒకే గాఢతకు తీసుకువచ్చేందుకు పూనుకున్నారు. మనవడి కోసం ఇక్కడి సీసాలను పెట్టెలో సర్దుకొని అక్కడికి వెళ్లే అమ్మమ్మలు, నాయనమ్మలు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడి వైద్యులు చెప్పిన మిల్లీలీటర్లను ఇక్కడి 250 సిరప్‌తో కొలిస్తే ఒకటిన్నర రెట్లు పైగా మందు పడుతుంది. ఒకే గాఢత అక్కడ సాధ్యమైనప్పుడు ఇక్కడ ఎందుకు కాదో అడగవలసిన బాధ్యత మనది.

ఏ చెంచా?

వైద్యుడు చెంచా అన్నప్పుడు అతని మనసులో ఉన్నది 5 మిల్లీలీటర్లు. తల్లి మనసులో ఉన్నది తన వంటింటి చెంచా. టీ చెంచా ఉన్నది, పాయసం చెంచా ఉన్నది, ఉప్పు డబ్బాలోని చెంచా ఉన్నది, కొన్ని ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉన్నది. వీటిలో ఏ ఒక్కటీ మందు కొలవడానికి పుట్టలేదు. గ్రీస్ దేశంలో కొన్ని ఇళ్లలోని టీ చెంచాలను కొలిచి చూసి 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వాటి పరిమాణం 2.5 నుంచి 7.3 మిల్లీలీటర్ల వరకు ఉన్నది. అంటే, ఒకే మందు, ఒకే సూచన ఒక ఇంటిలో సగం మోతాదు, మరొక ఇంటిలో ఒకటిన్నర మోతాదు అవుతుంది. మన వంటిళ్లు అంతకంటె క్రమశిక్షణతో ఉన్నాయని నేను నమ్మను.

కొలత పాత్ర మారితే ఏమవుతుందో మన దేశమూ ఒకసారి చూసింది. 2001 నవంబరులో అస్సాంలో విటమిన్ ఏ పంపిణీ జరిగినప్పుడు, అంతకుముందు వాడే 2 మిల్లీలీటర్ల చెంచాకు బదులు 5 మిల్లీలీటర్ల కప్పు ఇచ్చారు. పెద్ద సంఖ్యలో పిల్లలు అస్వస్థులయ్యారు. కొందరి మరణాల వార్తలూ వచ్చాయి. ఆ మరణాలకు విటమినే కారణమా అన్నది నిపుణుల మధ్య వివాదాస్పదంగానే మిగిలింది. ఆ వివాదంలో నేను తీర్పు చెప్పను. కాని కొలత పాత్రను మార్చినప్పుడు మోతాదు కూడా మారిపోయే ప్రమాదముందని తెలుసుకోవడానికి ఆ తీర్పు కోసం వేచి ఉండనక్కరలేదు.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2015లో నోటి ద్వారా ఇచ్చే ద్రవౌషధాలన్నిటికీ మిల్లీలీటర్లు మాత్రమే వాడాలని, చెంచా అనే మాట చీటీల మీద, లేబుళ్ల మీద ఉండకూడదని సిఫారసు చేసింది. మన చీటీలలో చెంచా నేటికీ హాయిగా కాపురం చేస్తున్నది.

వయస్సు కాదు, తూకం

పూర్వం పిల్లల మోతాదును పెద్దల మోతాదులోంచి భాగించి తీసేవారు. కాంతి తరంగ స్వభావాన్ని నిరూపించిన థామస్ యంగ్ (1773–1829) వైద్యుడు కూడా. ఆయన పేరుతో ఒక సూత్రం పుస్తకాలలో చాలాకాలం నిలిచింది. బిడ్డ వయస్సును, ఆ వయస్సుకు 12 కలిపిన మొత్తంతో భాగించి, దానిని పెద్దల మోతాదుతో గుణించడమే ఆ సూత్రం. నాలుగేళ్ల బిడ్డకు పదహారింట నాలుగు వంతులు, అంటే పావు మోతాదు. తూచే సాధనాలు అరుదైన రోజులలో అది ఒక ఉపాయం. ఆ సూత్రం పుస్తకాలలోంచి తొలగింది గాని, దాని ఆత్మ లేబుళ్ల మీద, చీటీల మీద ఇంకా తిరుగుతున్నది. "1 నుంచి 3 ఏళ్లు: ఇంత" అన్న వరుసలు దాని సంతతే.

వయస్సును నమ్మడం ఎక్కడైనా ప్రమాదమే. మన దగ్గర మరింత ప్రమాదం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలలో వయస్సుకు తగిన బరువు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 29.6 శాతం, తెలంగాణలో 31.8 శాతం. పదిమందిలో ముగ్గురికి వయస్సు ఒకటి చెబుతుంది, త్రాసు మరొకటి చెబుతుంది. రెండేళ్ల బిడ్డ సుమారు 12 కిలోలు ఉంటాడనుకొని 180 మిల్లీగ్రాముల పారాసిటమాల్ చెప్పామనుకుందాం. ఎదుట ఉన్నది 9 కిలోల బిడ్డ అయితే అది కిలోకు 20 మిల్లీగ్రాములు. నాలుగుసార్లు పడితే రోజుకు కిలోకు 80 మిల్లీగ్రాములు. రోజు మొత్తంలో కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకపోవడం క్షేమం.

ఇందులో మరొక క్రూరత్వం ఉన్నది. శరీరంలో పారాసిటమాల్ ప్రధానంగా కాలేయంలో మార్పు చెందుతుంది. ఆ మార్పులో కొద్ది భాగం విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం ఆ విషాన్ని అక్కడికక్కడే కట్టడి చేస్తుంది. పోషణ లేని బిడ్డలో, జ్వరంతో రెండు మూడు రోజులుగా ఏమీ తినని బిడ్డలో ఈ గ్లూటాథయోన్ నిల్వలు తక్కువగా ఉంటాయి. అంటే, వయస్సును బట్టి మందు పోస్తే ఎక్కువ మోతాదు ఎవరికి పడుతుందో, దానిని తట్టుకొనే శక్తి తక్కువగా ఉన్నదీ వారికే. పేద బిడ్డకు రెండు వైపులా నష్టమే.

బంగారం కొనేటప్పుడు మిల్లీగ్రాముల దాకా తూచి చూసుకొంటాము. కూరగాయల బండి వద్ద త్రాసు మీది నుంచి కన్ను తిప్పము. బిడ్డకు మందు పోసేటప్పుడు మాత్రం "ఏడాదిన్నర వాడు కదా, ఒక చెంచా పోయండి" అంటాము.

లెక్క ఇంతే

ఇది పెద్ద గణితమేమీ కాదు. అయిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. బిడ్డ బరువు 12 కిలోలు, మందు పారాసిటమాల్, సీసా మీద 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు అని ఉన్నదనుకుందాం.

మొదట, బరువును కిలోకు ఇవ్వవలసిన మోతాదుతో గుణించాలి. పారాసిటమాల్ మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12ను 15తో గుణిస్తే 180 మిల్లీగ్రాములు. ఇది గరిష్ఠం.

తరువాత, సీసా మీది గాఢతను బట్టి మిల్లీలీటర్లలోకి మార్చాలి. 250 మిల్లీగ్రాములు 5 మిల్లీలీటర్లలో ఉంటే ఒక మిల్లీలీటరులో 50. 180ని 50తో భాగిస్తే 3.6. సిరంజిలో 3.5 మిల్లీలీటర్లు తీసుకోవచ్చు. సీసా మీద 125 అని ఉంటే ఒక మిల్లీలీటరులో 25, కాబట్టి 7 మిల్లీలీటర్లు.

చివరగా, రోజు మొత్తాన్ని సరిచూడాలి. విడతకూ విడతకూ మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు వ్యవధి ఉండాలి. 24 గంటలలో నాలుగు విడతలు మించరాదు.

అదే బిడ్డకు, ఇంట్లో సిరప్ లేదని, పెద్దల 650 మిల్లీగ్రాముల మాత్రను విరిచి సగం పొడిచేసి ఇస్తే ఏమవుతుందో కూడా లెక్కించండి. 325 మిల్లీగ్రాములు, కిలోకు 27. నాలుగుసార్లు ఇస్తే రోజుకు కిలోకు 108. "సగం మాత్రే కదా" అన్న మాటలో ఎంత ప్రమాదం దాగి ఉన్నదో ఇప్పుడు తెలుస్తుంది.

బరువుతో గుణించడానికీ ఒక హద్దు ఉన్నది. స్థూలకాయం ఉన్న పిల్లవాడికి లెక్క ఎంత వచ్చినా పెద్దల మోతాదును మించరాదు. మూడు నెలల లోపు శిశువుకు జ్వరం వస్తే ఇంట్లో లెక్కలు వేయనే కూడదు. నేరుగా వైద్యుని వద్దకు వెళ్లాలి. ఐబుప్రోఫెన్‌కు లెక్క వేరు, జాగ్రత్తలు మరీ ఎక్కువ. డెంగీ అనుమానం ఉన్నప్పుడు, వాంతులు విరేచనాలతో బిడ్డ నీరసించినప్పుడు దానిని వైద్యుని మాట లేకుండా తాకవద్దు.

సరైన మోతాదు సున్నా అయినప్పుడు

లెక్క నేర్చుకోవడంలో ఒక ప్రమాదం ఉన్నది. లెక్క వచ్చింది కనుక ప్రతి మందూ ఇవ్వవచ్చునని తోస్తుంది. కాని బిడ్డ అంటే చిన్నపాటి పెద్దమనిషి కాడు. 1950లలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు క్లోరాంఫెనికాల్ ఇచ్చినప్పుడు కొందరు బూడిదరంగుకు తిరిగి మరణించారు. బరువు ప్రకారమే మోతాదు లెక్కించినా, నవజాత శిశువు కాలేయం ఆ మందును విసర్జనకు సిద్ధం చేయలేదన్న సంగతి 1959 నాటికి గాని స్పష్టం కాలేదు. కొడీన్ విషయంలో, కొందరు పిల్లల శరీరం దానిని అతివేగంగా మార్ఫీన్‌గా మార్చుతుందని తెలిశాక, అమెరికా ఔషధ సంస్థ 2017లో 12 ఏళ్ల లోపు వారికి దానిని నిషిద్ధమని ప్రకటించింది. మన దేశంలో నిమెసులైడ్‌ను 2011లో 12 ఏళ్ల లోపు పిల్లలకు నిషేధించారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్ఎఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు వారికి వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని 2023లో ఆదేశించారు. పిల్లలకు ఆస్పిరిన్‌ను జ్వరం మందుగా వాడరాదని దశాబ్దాలుగా తెలుసు.

ఈ మందులకు ఈ పిల్లలలో సరైన మోతాదు సున్నా. మోతాదు లెక్క మొదలుపెట్టేముందు "ఈ మందు ఈ బిడ్డకు అవసరమా, ఇవ్వదగినదా" అన్న ప్రశ్నకు జవాబు రావాలి. మామూలు జలుబు, దగ్గు ఉన్న చంటిబిడ్డ విషయంలో ఆ జవాబు చాలాసార్లు "అవసరం లేదు" అనే వస్తుంది.

వినవచ్చే సమాధానాలు

ఇవన్నీ చెబితే తోటి వైద్యుల నుంచి, పెద్దల నుంచి మూడు సమాధానాలు వస్తాయి.

మొదటిది, "ఇన్నేళ్లుగా చెంచాతోనే పట్టాము, ఏమైంది?" ఏమైందో మనకు తెలియదన్నది నిజం. పారాసిటమాల్ ఎక్కువైన బిడ్డ మొదటి రోజు వాంతి చేసుకుంటాడు, మగతగా ఉంటాడు, అన్నం తినడు. జ్వరం వచ్చిన బిడ్డా అంతే చేస్తాడు. కామెర్లు కనబడేసరికి "జ్వరం కాలేయానికి పాకింది" అంటాము. సీసాను ఎవరూ అనుమానించరు. మందు తక్కువైన బిడ్డ సంగతీ అంతే. యాంటీబయాటిక్ సగం మోతాదే పడితే వ్యాధి తిరగబెడుతుంది. మనం మందును మార్చుతాము, చెంచాను మార్చము.

రెండవది, "చదువురాని తల్లులకు మిల్లీలీటర్లు ఏమి తెలుస్తాయి?" ఈ మాటలో జాలి కనబడుతుంది గాని, ఉన్నది చులకన. సిరంజి మీద పెన్నుతో ఒక గీత గీసి "ఇక్కడి వరకు తీసుకో అమ్మా" అని చూపడానికి ఆమెకు చదువు అవసరం లేదు. సెల్‌ఫోన్‌లో డబ్బు పంపగల చేతికి సిరంజి గీత కష్టం కాదు. పిల్లలకు ఇచ్చే ఐరన్ ద్రవాన్ని ప్రభుత్వమే, ఒక్కసారికి 1 మిల్లీలీటరు మాత్రమే వచ్చే ప్రత్యేకమైన మూత గల సీసాలో అందించాలని రక్తహీనత నిర్మూలన కార్యక్రమంలో నిర్దేశించింది. తల్లి తెలివితేటల మీద భారం వేయకుండా సీసాకే తెలివిని అమర్చవచ్చునని దీనివలన రుజువవుతున్నది.

మూడవది, "ఓ.పి.లో వందమంది ఉంటే ప్రతి బిడ్డనూ తూచే తీరిక ఎక్కడిది?" తూచడానికి అర నిమిషం చాలు. అదీ వైద్యుడు తూచనక్కరలేదు. మన ఊళ్లలో అంగన్‌వాడీ కార్యకర్త నెలనెలా పిల్లలను తూచి రాస్తున్నది. ఆమె రాసిన అంకెను చీటీ మీదకు ఎక్కించడానికి మనకు తీరిక లేదంటే, లోపం తీరికలో లేదు.

ఎవరు ఏమి చేయాలి?

వైద్యులు చీటీ పైభాగాన బిడ్డ పేరు, వయస్సుల సరసన బరువు రాయాలి. మందు పేరు, గాఢత, ఒక్కో విడతకు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటల వ్యవధి, ఎన్ని రోజులు అన్నవి రాయాలి. చెంచా అనే మాటను కలం నుంచి బహిష్కరించాలి.

మందుల దుకాణదారులు చీటీలో ఉన్న గాఢత లేకపోతే మరొకటి చేతిలో పెట్టి పంపకూడదు. వైద్యునికి ఫోను చేయాలి, లేదా లేదని చెప్పాలి. సూది లేని సిరంజి ధర కొద్ది రూపాయలు. పిల్లల మందుతో పాటు అది ఇచ్చి, గీత గీసి చూపాలి. పొడిరూపంలో వచ్చే యాంటీబయాటిక్ సీసాలో కాచి చల్లార్చిన నీరు ఏ గీత వరకు పోయాలో, ఎన్ని రోజులలో వాడి పారవేయాలో చెప్పాలి. నీరు తక్కువైతే మందు చిక్కనవుతుంది, ఎక్కువైతే పలచనవుతుంది. అప్పుడు వైద్యుని లెక్క ఎంత సరైనదైనా వృథా.

ప్రభుత్వమూ తయారీదారులూ పిల్లల పారాసిటమాల్ సిరప్‌ను ఒకే గాఢతకు తేవాలి. లేబుల్ మీద వయస్సు వరుసకు బదులు బరువు వరుస ముద్రించాలి, తెలుగునాట అమ్మే సీసా మీద తెలుగులో ముద్రించాలి. ప్రతి సీసా పెట్టెలోనూ కొలత సిరంజి ఉండాలి. ప్రకటనలకు పెట్టే ఖర్చులో అది లెక్కలోకి రాని మొత్తం.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. అడగండి. "మా బిడ్డ బరువు రాశారా? ఇది ఎన్ని మిల్లీలీటర్లు? ఈ సీసా బలం చీటీలో ఉన్నదేనా? ఇందులో పారాసిటమాల్ కూడా ఉన్నదా?" అని అడగండి. విసుక్కున్నా అడగండి. సీసాను వాడేముందు బాగా కుదపండి. ఒక సీసా డ్రాపర్‌ను మరొక సీసాకు వాడకండి. సిరంజికి ఉండే చిన్న మూతను ముందే తీసి పారవేయండి, అది బిడ్డ గొంతులో పడగలదు. పట్టిన ప్రతి విడతనూ గోడ క్యాలెండరు మీద గంటతో సహా రాయండి. అమ్మ ఒకసారి, నాయనమ్మ మరొకసారి పట్టే ఇళ్లలో ఇది మరీ అవసరం. మోతాదు ఎక్కువైందని అనుమానం వస్తే, బిడ్డ ఆడుకుంటున్నా సరే, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. పారాసిటమాల్ విరుగుడు మొదటి 8 గంటలలో ఇచ్చినప్పుడు ఉత్తమంగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఆశ వదలనక్కరలేదు, వెళ్లవలసిందే.

ఈ వ్యాసం అవగాహన కోసం రాసినది. మీ బిడ్డను చూసి చెప్పే వైద్యుని సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

ఆ రోజు నేను రాయవలసిన చీటీ ఇలా ఉండాలి: "బరువు 7 కిలోలు. పారాసిటమాల్ డ్రాప్స్, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. జ్వరం ఉంటే 1 మిల్లీలీటరు, సిరంజితో. మళ్లీ 6 గంటల తరువాతనే. రోజుకు నాలుగుసార్లు మించవద్దు." రాయడానికి మరొక నిమిషం పట్టేది. ఆ నిమిషాన్ని మిగుల్చుకొని ఒక తల్లి బిడ్డను ఆపదలోకి నెట్టాను. ఇక ఏ వైద్యుడూ ఆ నిమిషాన్ని మిగుల్చుకోకూడదు. ఏ తల్లీ మిగుల్చుకోనివ్వకూడదు.